రొయ్య పడని అమ్మాయి

"ఇందులో రొయ్య లేదు కదండీ? పొట్టు గానీ, పొడి గానీ?"

పెళ్లి భోజనానికి వెళ్లినా, హోటల్లో కూర్చున్నా, ఎవరింట్లోనైనా పళ్లెం ముందుకొచ్చినా సుప్రజ నోట ముందు వచ్చేది ఆ మాటే. గొంతు మామూలుగానే ఉంటుంది. చేతివేళ్లు మాత్రం పళ్లెం అంచును గట్టిగా పట్టుకుంటాయి. జవాబు వచ్చేదాకా వదలవు.

కాకినాడలో మా పక్క వాటాలో ఉంటున్న సుప్రజది భీమవరం దగ్గర పల్లెటూరు. తండ్రి శ్రీనివాసరాజు వరి చేలను చెరువులుగా తవ్వించి రొయ్యలు పెంచుతాడు. మేడ కట్టింది రొయ్య మీద, పిల్లను చదివించింది రొయ్య మీద. ఆ ఇంట పుట్టిన పిల్లకి రొయ్య పడదంటే ఎవరు నమ్ముతారు? ఊరందరికీ అదొక వేళాకోళం. నాయనమ్మ సూర్యావతికి అదొక పట్టుదల.

"రెండు ముక్కలు తింటే అదే అలవాటవుద్దే. రాజుగారింటి పిల్ల రొయ్య ముట్టదంటే నలుగురూ నవ్వరూ?" అంటూ గోంగూరలో మెత్తగా నలిపేసి, కనబడకుండా ముద్ద చేసి నోట్లో పెట్టేది. కాసేపటికి పిల్ల పెదవులు ఉబ్బేవి, మెడంతా దద్దుర్లు లేచేవి, గొంతు పట్టేసేది. వేడి చేసిందని మజ్జిగ పట్టించేవారు. కొన్నాళ్లు ఆగి మళ్లీ పెట్టేవారు.

ప్రేమ లేక కాదు. మా వైపు విస్తరి ముందు 'వద్దు' అనడం మర్యాద. ఆ వద్దుని వినిపించుకోకపోవడం అంతకన్నా మర్యాద. అతిథి రెండు చేతులూ అడ్డం పెట్టి విస్తరి మీదకి వంగిపోయేదాకా వడ్డించేవాడు వెనక్కి తగ్గడు. సుప్రజ ఆ మర్యాదలోనే పెరిగింది. 'వద్దు' అన్న ప్రతిసారీ నవ్వుతూ అనడం కూడా అక్కడే నేర్చుకుంది.

మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేయడానికి ఐర్లండ్‌లోని గాల్వే వెళ్లినప్పుడు, చేరిన కొత్తలోనే కాలేజీ డాక్టరును కలిసింది. ఆమె చెప్పిందంతా ఆయన విన్నాడు. నవ్వలేదు. ఊపిరి బిగిస్తే తొడకి గుచ్చుకోవలసిన అడ్రినలిన్ ఇంజెక్షను పెన్ను రాసిచ్చి, ఎప్పుడూ దగ్గరే ఉంచుకోమన్నాడు. ఆమె మాటకు ఎదురు చెప్పకుండా విన్న మొదటి మనిషి ఆయనే.

క్లాసులో గోదావరి వాళ్లు ఇద్దరు తగిలారు. పాలకొల్లు సూర్యతేజ, రావులపాలెం ఆశాజ్యోతి.

"ఆయ్, మన వాళ్లు దొరికారండీ! ఇంక మీకు దిగులు దేనికండీ?" అన్నాడు సూర్యతేజ. వచ్చే శనివారం సాయంత్రం ఊరు చూపిస్తామన్నారు. పరాయి చోట 'అండీ' అన్న పిలుపు చెవిన పడగానే సుప్రజకు ప్రాణం లేచొచ్చింది.

శనివారం ముందు ఒక పబ్బుకి తీసుకెళ్లారు. మూలన ఒకాయన ఫిడేలు వాయిస్తుంటే ముసలివాళ్లు కూడా కాళ్లతో తాళం వేస్తున్నారు. సుప్రజ నారింజ రసం తెప్పించుకుంది. ఆర్డరు తీసుకునే అమ్మాయి, తినకూడనివేమైనా ఉన్నాయా అని అడిగింది. రొయ్యలని సుప్రజ చెప్పింది. ఆ అమ్మాయి సరేనని రాసుకుపోయింది. అంతే. రెండో ప్రశ్న లేదు.

సూర్యతేజ మాత్రం కుర్చీలో వెనక్కి వాలి పగలబడి నవ్వాడు.

"భీమవరం వాళ్లకి రొయ్య పడకపోవడమేంటండీ బాబూ! చేపకి నీళ్లు పడవన్నట్టుంది."

"నిజమేనండీ. చాలా ఇబ్బందవుద్ది."

"అంతా మనసులో ఉంటదండీ. మా మావయ్య కూడా ఇలాగే అనేవాడు. పెళ్లిలో చెప్పకుండా పెట్టేశాం. లక్షణంగా తిని, మారు వడ్డించుకున్నాడు."

"ఒరేయ్, ఆ అమ్మాయిని ఏడిపించకు," అంది ఆశాజ్యోతి. అంటూనే నవ్వింది. సుప్రజ కూడా నవ్వింది. కొత్త స్నేహం, మొదటి సాయంత్రం. మొహం మాడ్చుకుంటే ఏం బాగుంటుంది?

అక్కణ్నుంచి రేవు వైపు నడిచారు. గట్టు పక్కనే చిప్స్ కొట్టు. బంగాళాదుంప ముక్కలు వేడివేడిగా వేయించి, ఉప్పు చల్లి, వెనిగర్ కుమ్మరించి పొట్లం కట్టి ఇస్తారు. ముగ్గురూ గట్టు మీద కూర్చున్నారు. సూర్యతేజ కోటు జేబులోంచి చిన్న డబ్బా తీసి, ఎర్రటి కారం తన పొట్లంలో చల్లుకుని, ఒక ముక్క సుప్రజ ముందుకు చాపాడు.

"మా అమ్మ పంపిన కారమండీ. రుచి చూడండి."

"ఇందులో రొయ్యపొట్టు లేదు కదండీ?"

"ఛ, వెల్లుల్లి కారమండీ. మా అమ్మ మీదొట్టు."

"వద్దులెండి, కడుపు నిండిపోయింది."

"అలాగంటే ఎలాగండీ? మా అమ్మ చేతిది వద్దంటారా?"

"నిజంగా వద్దండీ."

"ఒక్కటండీ! ఒక్కటి తింటే ఏం పోతది?"

వెనిగర్ ఘాటుకి, సముద్రపు గాలికి ఆమె ముక్కు ఏమీ పట్టలేకపోయింది. నవ్వుతూనే తీసుకుంది. నోట్లో వేసుకోగానే నాలుక గుర్తుపట్టింది. చివర సన్నటి దురద. తలెత్తేసరికి ఎదురుగా సూర్యతేజ ఫోను.

"చూశారా ఫ్రెండ్స్! భీమవరం అమ్మాయి రొయ్య తినేసింది! బతికే ఉంది!"

"ఏం పెట్టావు?" అంది సుప్రజ. ఆ మాటలో 'అండీ' లేదు.

"కొంచెం రొయ్యపొట్టేనండీ. ఏమైంది ఇప్పుడు? ఏం కాలేదుగా?"

ఆశాజ్యోతి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. సుప్రజకి అరచేతులు మండాయి, చెవులు మండాయి. గొంతులో ఎవరో తాడు బిగిస్తున్నట్టయింది. కడుపులోదంతా ఒక్కసారిగా ఎగదన్నుకొచ్చి, గట్టు మీద, కొంత అతని కాళ్ల మీద పడింది.

"అబ్బా! కొత్త బూట్లండీ!" అని అతను వెనక్కి గెంతాడు. ఫోను మాత్రం దించలేదు.

ఆ క్షణంలో భయం కన్నా ముందు అసహ్యం వేసిందట సుప్రజకి. పుల్లటి నోటితో, బిగిసిన గొంతుతో, ఈ మనిషి ఎదుట చచ్చిపోకూడదు అనుకుందట. జేబులోంచి పెన్ను తీసి, మూత లాగి, జీన్స్ మీద నుంచే తొడకి గుచ్చుకుంది. కొట్టులోని అమ్మాయి బల్ల దాటుకుని పరుగెత్తుకొచ్చి, ఆమెను నేల మీద పడుకోబెట్టి కాళ్లెత్తి పట్టుకుని, అంబులెన్సుకి ఫోను చేసింది. ఆశాజ్యోతి అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది.

ఆసుపత్రిలో ఊపిరి కొంచెం కుదుటపడ్డాక సూర్యతేజ మంచం దగ్గరికొచ్చి చెవి మీదకి వంగాడు.

"డాక్టరుగారికి ఆ కొట్టువాళ్ల నూనె వల్లే అని చెప్పండి. రొయ్యలు వేపిన నూనెలోనే చిప్స్ కూడా వేపుంటారు, ఎవరూ అనుమానించరు. లేకపోతే నా వీసాకి ఇబ్బందవుద్దండీ. మనలో మనకి ఏంటండీ?"

అతని నోటి నుంచి రొయ్యపొట్టు వాసన గుప్పుమంది. రొయ్య ముక్క పడదన్నప్పుడు నమ్మని మనిషి, నూనె తగిలినా ప్రమాదమని ఇప్పుడు శుభ్రంగా వివరిస్తున్నాడు. తనను కాపాడటానికి పరుగెత్తుకొచ్చిన కొట్టు పిల్ల మీద ఆ నేరం పెట్టమంటున్నాడు. అందులోనూ ప్రతి మాటకీ ఒక 'అండీ'. సుప్రజ మొహం తిప్పుకుని, డాక్టరు రాగానే ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఇతను తెలిసే పెట్టాడు. కొట్టువాళ్ల తప్పు లేదు."

సంగతి పాలకొల్లు చేరింది, భీమవరమూ చేరింది. సూర్యతేజ తల్లి ఫోను చేసి, మా వాడు ప్రేమకొద్దీ పెట్టాడమ్మా, పెద్దది చెయ్యకు, అంది. ఆ రోజే నాయనమ్మ కూడా ఫోనులో ఏడ్చి, చివరికి, "పోనీలేవే, పిల్లాడు సరదాకి చేశాడు. చిన్నప్పుడు నువ్వు సరిగ్గా తినుంటే ఈపాటికి అలవాటయ్యేది," అంది.

సుప్రజ ఫోను చెవికి దూరంగా పట్టుకుంది. రేవు గట్టు మీద విన్న 'ఒక్కటి తింటే ఏం పోతది' లాంటి మాటే ఇది. గోంగూరలో నలిపిన ముద్దకీ, కారంలో కలిపిన పొట్టుకీ తేడా వెతికింది. ముద్ద పెట్టిన చేతిలో ప్రేముంది. గొంతు మాత్రం రెండుసార్లూ ఒకలాగే బిగిసింది.

"నాయనమ్మా, నువ్వు పెట్టినా నాకు ఊపిరి ఆగిపోద్ది. ఇకమీదట నాకు చెప్పకుండా ఏదీ కలపకు," అంది. ఈసారి నవ్వకుండా అంది. ముసలావిడ కొన్నాళ్లు అలిగి, మనవరాలి ఫోను ఎత్తలేదు.

చదువయ్యాక సుప్రజ తిరిగొచ్చి ఇక్కడ చెరువు నీళ్లు పరీక్షించే ల్యాబులో చేరింది. మొన్న ఒక సాయంత్రం మా వాటాలోకి వచ్చేసరికి, మా మూడేళ్లవాడు పెరుగన్నం వద్దని పెదవులు బిగించుకుని ఉన్నాడు. బరువు తగ్గిపోతాడన్న బెంగతో, ఒక చేత్తో వాడి బుగ్గలు నొక్కి, రెండో చేత్తో చెంచా దూర్చే పనిలో ఉన్నాను నేను. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. ముఖం చిట్లించింది.

"ఒకసారి వద్దన్నాడు కదండీ. రెండోసారి పెట్టకండి. ఆకలేస్తే వాడే అడుగుతాడు. వాడి మొదటి 'వద్దు' దగ్గరే మీరు ఆగిపోండి. రేపు ఇంకెవరైనా ఆగకపోతే అది వాడికి వింతగా అనిపించాలి."

ఆ రోజు నుంచి మా ఇంట్లో చెంచా మొదటి 'వద్దు' దగ్గరే ఆగుతోంది.