మీసం వచ్చినవాడికే జట్టులో చోటు

ఎమ్మిగనూరులో మా మేనత్త కొడుకూ నేనూ ఒకే తరగతి. నాకంటే కొన్ని నెలలు పెద్ద, అంతే. ఇద్దరి ఇళ్లలోనూ మగ్గాలే. పధ్నాలుగో ఏడు వచ్చేసరికి బావకు మీసం మొలిచింది, గొంతు మారింది, భుజాలు విచ్చుకున్నాయి. నేను మాత్రం ఐదో తరగతి పిల్లవాడిలాగే ఉన్నాను. అయినా చెడుగుడులో నన్ను పట్టడం తేలిక కాదు. కూతకు వెళ్తే ఎవరినో ఒకరిని తాకకుండా తిరిగివచ్చేవాణ్ణి కాను.

ఆదోనిలో బడిపిల్లలకు చెడుగుడు పోటీలని తెలిసి డ్రిల్లు మాస్టరు మమ్మల్ని వరుసలో నిలబెట్టాడు. ఎవరినీ ఆడించి చూడలేదు. సంతలో ఎద్దులను చూసినట్టు భుజాలు తట్టి చూశాడు. నా దగ్గరికి వచ్చి నవ్వాడు.

"నువ్వు యాడికప్పా? ఆదోనోళ్లు నిన్ను సంకలో పెట్టుకొని పోతారు. పో, ఇంగా రెండేండ్లు పాలు తాగి రా."

పిల్లలంతా పగలబడి నవ్వారు. బావ నవ్వలేదు.

"సార్, ఈడు నాకంటే బాగా ఆడతాడు. ఒక్కసారి ఆడిచ్చి సూడండి."

"నోరు మూసుకోరా," అన్నాడు మాస్టరు.

బావ ఆదోని వెళ్లి గెలిచి వచ్చాడు. మాస్టరు అతని భుజం మీద చెయ్యి వేసి బజారంతా తిప్పాడు. చదువు ఎట్లా పోయినా పోలీసు ఉద్యోగం ఖాయమని ఆశ పెట్టాడు. బావ నమ్మాడు. పుస్తకం ముట్టడం మానేశాడు.

ఆ తర్వాత బావ వేలెడు కూడా పెరగలేదు. తక్కిన పిల్లలు అతన్ని దాటిపోయారు. మళ్లీ పోటీలు వచ్చాయి, మళ్లీ వరుస. ఈసారి మాస్టరు బావ ముందు ఆగనైనా లేదు. వెంటపడి అడిగితే, "నువ్వు పెరిగేది అయిపాయ కదప్పా! ఇంగ నీతో ఏం పని?" అన్నాడు.

బావ ఆ ఏడు పరీక్ష తప్పాడు. పదహారేళ్లకే మగ్గం గుంతలో కూర్చున్నాడు.

నేను బడి విడిచాకే పెరిగాను. చూస్తుండగానే చొక్కాలన్నీ పొట్టివైపోయాయి. ఒకరోజు బట్టల మూటతో ఆదోని బజారులో వెళ్తుంటే మాస్టరు ఎదురయ్యాడు. తలెత్తి చూశాడు.

"ఓయబ్బ! ఇంత మనిషివైతావని ఎవరికి తెలుసప్పా? ముందే సెప్పింటే జట్టులోకి తీసుకుంటాంటి గదా!"

నాకు ఒళ్లు మండిపోయింది. "మా బావ సెప్పినాడు సార్. మీరే నోరు మూయించినారు. పోలీసు ఉద్యోగమని వాని సదువు గూడా సెడగొట్టినారు."

"ఏ బావ?" అన్నాడు. నిజంగానే గుర్తులేదు ఆ మనిషికి.

మాస్టరు ఉద్యోగం ముగిసిన రోజున ఆయనకు దండలు వేసి ఊరేగించారు. ఎంతమంది ఆటగాళ్లను తయారుచేశాడో మైకులో చెప్పారు. నన్నూ రమ్మన్నారు. రానని చెప్పి తలుపు వేసుకున్నాను.