‘నీ ఇష్టం’ అనే బాబాయి

హుకుం చేసేవాడు కొంత నయం. కాదంటే కాదని వాడి మొహానే చెప్పవచ్చు. ఆ కుట్టుదుకాణపు యజమాని అటువంటివాడు కాడు. దుకాణం పెట్టిన పన్నెండేళ్లలో ఆయన నోట ఒక్క ఆజ్ఞ కూడా వెలువడలేదు.

కత్తెర పట్టేది ఆయన అన్నగారి కూతురు. గుడ్డ మీద సుద్దగీత మాత్రం ఆయనే గీసేవాడు. ఒకసారి నర్సుల కోట్లు నలభై కత్తిరించవలసి వచ్చింది. చేతుల దగ్గర గీత పొట్టిగా పడిందని ఆమెకు అనుమానం. అడిగితే, తన చూపు ఆనడం లేదని, ఆమెకు తోచినట్టు చెయ్యమని నిట్టూర్చాడు. పెద్దవాడి గీతను కాదనలేక ఆమె దాని మీదే కత్తిరించింది. కోట్ల చేతులు నాలుగు వేళ్ల మేర పొట్టివయ్యాయి. ఆసుపత్రివాళ్లు వచ్చినప్పుడు ఆయన ఎంతో దయగా, “కత్తెర పట్టింది మా పిల్ల. చిన్నతనం, ఏమీ అనుకోకండి” అన్నాడు. ముప్పై నాలుగేళ్ల ఆ పిల్ల తల వంచుకుని మన్నింపు కోరింది. తప్పు తనదేనని నమ్మింది కూడా. గోడమీది పిల్లి అయినా ఎటో ఒకవైపు దూకుతుంది. ఈయన మనల్ని దూకించి, దెబ్బ తగిలిందా అని పరామర్శిస్తాడు.

పక్కవీధిలోని కొత్త దుకాణం ఆమెను కటింగ్ మాస్టరుగా రమ్మంది. అక్కడ గీత, కత్తెర రెండూ ఆమెవే. శనివారంలోగా మాట చెప్పాలి. సంగతి తెలిసిన నాటినుంచి బాబాయి అన్నం డబ్బా తెరిచి, చూసి, మూసేసేవాడు. వచ్చినవారందరి ముందూ గుండె మీద చెయ్యి వేసుకునేవాడు; గుండె ఎడమవైపు ఉంటుందని మాత్రం రెండుసార్లు మరిచిపోయాడు.

శనివారం ఆమె కత్తెర బల్ల మీద పెట్టింది.

“బాబాయ్, వెళ్లమంటావా, ఉండమంటావా?”

“నేనెవర్ని తల్లీ చెప్పడానికి? నీ ఇష్టం.”

“ఉండమని అడిగితే ఉంటానేమో. అడుగు మరి.”

ఆయన నోరు తెరిచాడు. అడిగితే అడిగినవాడవుతాడు, ఆ పాటి బరువు కూడా ఆయన ఏనాడూ ఎత్తి ఎరగడు. టేపు వేలికి చుట్టుకుంటూ, “నీకు తెలియనిదా” అన్నాడు.

“తెలుసు. వెళ్తున్నాను.”

మూల కూర్చుని బొత్తాలు కుడుతున్న పిన్ని తలెత్తకుండానే, “పెందలాడే వెళ్లు. మొదటిరోజే ఆలస్యం చెయ్యకు” అంది.

వారం తిరక్కముందే ఆమెను తానే పంపించానని బాబాయి వీధంతా చెప్పుకున్నాడు. జన్మలో ఆయన తనదని ఒప్పుకున్న నిర్ణయం అదొక్కటే, అదీ మరొకరిది.

ఆ మాట చెవిన పడేసరికి ఆమె కొత్త దుకాణంలో ఒక కాలరు పాడుచేసి కూర్చుంది. తప్పు తనదేనని అక్కడి యజమానికి చెప్పింది. ఈసారి అది నిజం.