గుట్టలో మా రెండు వాటాలు

పోయినవాటిని లెక్కపెడితే ఒక గుట్ట, దాని కింద మా రెండెకరాల చెలక, అందులో బావి, రెండు వాటాలు, చివరికి మా నాయన. మొన్న గచ్చిబౌలి ఆఫీసుకు పోయే బస్సులో ఈ లెక్క మళ్ళీ మొదలైంది. హఫీజ్‌పేట్‌లో ఎక్కి నా పక్కన కూర్చున్న అమ్మాయి, దిగేలోపు ఏదో గనుల కంపెనీ షేర్లు ఫోన్‌లోనే అమ్మేసి నవ్వుకుంది.

మన వయసువాళ్ళకు తెలుసు, అప్పట్లో వాటా అమ్మడం అంత తేలిక కాదు. మా ఊరి నల్లరాతి గుట్టను కంపెనీకి లీజుకిచ్చినప్పుడు, భూములు పోయిన పన్నెండు కుటుంబాలకూ తలా రెండు వాటాలివ్వాలనీ, అయిదేళ్ళు వాటిని అమ్మకూడదనీ, ఊరివాళ్ళ చేతిలో ఒక్క వాటా ఉన్నంతకాలం దుమ్ము జబ్బు పడ్డవాళ్ళ వైద్యం కంపెనీయే చేయించాలనీ షరతులు పెట్టారు. నేనక్కడే లారీల కాంటా దగ్గర గుమాస్తాను. చదువు ఏడో తరగతితో ఆగినా, తూకాలు రాస్తూ రాస్తూ లెక్కలు సొంతంగా పట్టుకున్నాను. రాయి కొట్టి కొట్టి నాయన ఊపిరితిత్తులు దుమ్ముతో నిండితే, కంపెనీ ఖర్చు మీదే నెలనెలా పట్నం దవాఖానకు తీసుకుపోయేవాణ్ణి.

అయిదేళ్ళు నిండగానే కంపెనీ మనిషి వచ్చాడు. వాటాలు కొంటామని, సగం ఇప్పుడు, సగం ఏడాదిలో ఇస్తామని. మావాళ్ళదొక కట్టుబాటు: మేకను కోసినా, పగిలిన బండను పంచినా పోగులన్నీ సమానంగా ఉండాలి. అమ్మితే అందరం, లేకుంటే ఎవరమూ అమ్మొద్దన్నారు, చివరికి అమ్మడానికే మొగ్గారు. ఒక్క వాటా ఉంచుదామని, మావాళ్ళలో పెద్దమనిషైన చిన్నాయనను కాళ్ళావేళ్ళా పడి బతిమాలాను.

"ఎవని పేర ఉంచాల్రా? మీ నాయన పేరనా? మంచిగనే లెక్క జేసినవ్ బిడ్డా!" అని ఆయన అంటే అందరూ నవ్వారు.

"ఎవ్వలి పేరనన్న ఉంచుండ్రి చిన్నాయనా, లేకుంటే దవాఖాన బందైతది" అన్నాను.

నాయన దగ్గు ఆపుకుంటూ, "నా ఒక్కని కోసం పోగులు చెడగొట్టకు కొడకా" అన్నాడు.

ఇరవై నాలుగు వాటాలూ ఒక్కరోజే పోయాయి. మరుసటి నెల దవాఖానలో కంపెనీ చీటీ చెల్లదన్నారు. చేతికొచ్చిన సగం డబ్బు మందులకూ ఆక్సిజన్ సిలిండర్లకూ కరిగిపోయింది. రెండో సగం కోసం నేను తిరుగుతుండగానే కంపెనీ పేరు మారింది, ఆఫీసు మారింది, నాయన అన్నాళ్ళు ఆగలేదు.

ఇప్పుడు వాటాలు అమ్మేవాళ్ళెవరూ పక్కవాడి పోగు గురించి అడగరు. అడిగిన మేము బాగుపడ్డామా అంటే అదీ లేదు. మా ఆఫీసు మెట్లకు పరిచింది నల్లరాయే, మా గుట్టదో కాదో తెలియదు. ఎక్కుతున్నప్పుడల్లా వద్దనుకుంటూనే అదే లెక్క వేసుకుంటాను: రెండో సగం వాటాకు పదకొండు వేల రెండు వందలు, రెండింటికీ ఇరవై రెండు వేల నాలుగు వందలు, ఇంకా రావాలి.