ఆ అలారం నోరు నొక్కింది నేనే

2023 ఆగస్టు, రెండో మంగళవారం, పగలు పదకొండుంపావు. జంషెడ్‌పూర్‌లో మా కాలేజీ హై టెంపరేచర్ ల్యాబు.

బాగ్‌బేరా రైలు పట్టాల పక్కన బొగ్గు ఏరుకుంటూ పదమూడో ఏట అక్షరాలు దిద్దినవాణ్ణి. మెత్తగా రాయడం చేతకాదు. ఇనుప ఖనిజాన్ని ఫర్నేసులో ఎర్రగా కాల్చి, కార్బన్ మోనాక్సైడ్ గ్యాసు పంపి ఇనుముగా మార్చడం మీద ముప్ఫయ్యేళ్లు పనిచేశాను. ఆ గ్యాసుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రొస్తోందనుకుంటూనే మనిషి పోతాడు. అందుకే గోడకు డిటెక్టర్ పెడతాం. గ్యాసు కారితే అది అరుస్తుంది.

ఆ రోజు ఏదో కంపెనీ నుంచి ఇద్దరు ల్యాబు చూడటానికి వచ్చారు. వెంట మా డైరెక్టరు. నా దగ్గర పీహెచ్‌డీ చేసే సరిత, ఈ ఊళ్లోనే సిద్ధగోరా పేట పిల్ల, ఫర్నేసు పక్కన కూర్చుని రీడింగులు రాసుకుంటోంది. అలారం మొదలైంది.

"అరే ప్రొఫెసర్ సాబ్, ఇస్కో చుప్ కరాయియే!" దాని నోరు మూయించమంటూ డైరెక్టరు అతిథుల వైపు చూసి నవ్వాడు.

టెక్నీషియన్ పరమేశు అడ్డం వచ్చాడు. "ఏటి సారూ, అది ఊరికినే అరుత్తాదా? ఎక్కడో కారతన్నాది. ముందు గుంటని బైటికి పంపండి."

"వీళ్లు వెళ్లాక చూద్దాంలే" అని మ్యూట్ బటన్ నొక్కాను. అలారం మోగితే ముందు వాల్వు కట్టెయ్యమని ఎందరికో పాఠం చెప్పిన నేనే!

టీకి కదిలాం. సమోసాలు పంచడానికని పరమేశునీ లాక్కుపోయాడు డైరెక్టరు. గుమ్మంలోంచి సరితను పిలిచాను.

"సర్, బస్ దో రీడింగ్."

ఇంకో రెండు రీడింగులేగా, సరేనన్నాను.

కాసేపటికి, పిల్ల ఇంకా రాలేదని పరమేశు పళ్లెం అక్కడే పడేసి ల్యాబుకు పరిగెత్తాడు. పిల్ల స్టూలు పక్కన పడి ఉంది. భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు. మూడు రోజులు ఆక్సిజన్ మీద ఉండి బతికింది.

ఒళ్లు మండేది ఆ తర్వాతి సంగతికి. "విద్యార్థిని అనుమతి లేకుండా ల్యాబులోకి వెళ్లింది. అక్కడ ఇంకెవరూ లేరు" అని విచారణ కాగితం తయారుచేశారు. పిల్ల సీటు తీసేస్తారట. నన్ను సంతకం పెట్టమన్నారు.

"రిటైర్మెంట్ ముందు ఝంఝట్ ఎందుకు సాబ్?" అన్నాడు డైరెక్టరు హిందీలో.

"ఈ చేత్తోనే అలారం నోరు నొక్కాను. ఇప్పుడు పిల్ల నోరూ నొక్కమంటావా?" అన్నాను.

సీటు నిలిచింది. నోటీసు నాకొచ్చింది, రావలసిందే. పెద్దమనుషుల ముందు పరువు పోతుందని చూసుకునేవాడు ఫర్నేసు దగ్గర నిలబడకూడదు. అరవై దాటాక నేర్చుకున్నాను, సిగ్గులేకుండా.

సంతకం బదులు ఆ కాగితం వెనక నేను రాసిచ్చింది ఇంతే. ఆ పూట అక్కడ ఉన్నవాళ్లు: డైరెక్టరు సిన్హా, కంపెనీ నుంచి బాగ్చీ, ఖన్నా, టెక్నీషియన్ పరమేశు, విద్యార్థిని సరిత, బటన్ నొక్కిన అప్పలసూరి.