హుఫూఫ్ తోటలో ఐదు గుళ్ల రివాల్వర్

రియాద్ నుంచి హుఫూఫ్ వెళ్లాలనుకునేవాళ్లకు నా సలహా: రైలెక్కండి. టికెట్ ఫోన్‌లోనే దొరుకుతుంది, స్టేషన్‌లో ఇఖామా కార్డు చూపిస్తే చాలు. కిటికీ సీటు కోసం మాత్రం పోట్లాడకండి. ఎడారిని పది నిమిషాలు చూస్తే మిగతా రెండున్నర గంటలూ చూసినట్టే.

మొన్న శుక్రవారం ఎనిమిదింటి బండికి బయలుదేరాను. నాది కర్నూలు, ఇక్కడ లేత్ మెషిన్ పని. హుఫూఫ్‌లో ఖర్జూర తోట ఉన్న అబూ సాలిహ్ అనే పెద్దాయన రెండేళ్ల కిందట తన రివాల్వర్‌లో విరిగిన చిన్న భాగం చేయించుకోవడానికి మా షాపుకు వచ్చాడు. ఆ పరిచయంతో ఆయన పిచ్చి నాకూ అంటుకుంది. అవి నూటయాభై ఏళ్ల నాటి రివాల్వర్లకు ఇప్పుడు తయారయ్యే నకళ్లు. తూటాలుండవు. చక్రంలోని ఒక్కో అరలో తుపాకిమందు పోసి, సీసపు గుండు దిగగొట్టి, పైన కొవ్వు పూయాలి. పూయకపోతే నిప్పు పక్క అరలకు పాకి అన్నీ ఒకేసారి పేలతాయి. వెనక నిప్పు పుట్టించే రాగి టోపీ తొడిగాకే కాల్చడం. ఆరు అరల్లో ఐదే నింపి, పొరపాటున పేలకుండా సుత్తి కింది అర ఖాళీగా వదలడం పెద్దాయన పద్ధతి. కొనడం, దాచడం లైసెన్సున్న ఆయన వంతు, పక్కన నిలబడి కాల్చే భాగ్యం నాది.

ఆయన పోయి రెండు నెలలైంది. కొడుకు సాలిహ్ ఫోన్ చేశాడు. ఏడు రివాల్వర్లనూ తన పేరు మీదికి మార్చుకోవడానికి ఆదివారం లైసెన్సు ఆఫీసులో చూపించాలి, నిండినది ఒక్కటున్నా కేసవుతుంది, వచ్చి చూసి పొమ్మన్నాడు. గది తాళం తోట కాపలా మల్లన్న దగ్గర ఉంటుంది. కేసంటూ అయితే మొదట ఆగేది అతను ఇంటికి పోయే ఎగ్జిట్ వీసా. జగిత్యాల మనిషి. పదిహేడేళ్ల చాకిరీ ముగించుకుని సోమవారం విమానానికి పోతున్నాడు.

బండిలో పక్క సీటు పాకిస్తానీ డ్రైవర్, శుక్రవారం పూట హుఫూఫ్‌లో ఏం పనని అడిగాడు. పిస్తోళ్లు చూడ్డానికన్నాను. ఆయన కాళ్లు ముడుచుకుని, దిగేదాకా తస్బీహ్ పూసలు తిప్పుతూనే ఉన్నాడు.

పదకొండింటికి ముందే దిగి టాక్సీలో తోటకు చేరాను. పక్క మసీదులో జుమా నమాజు చదివి వచ్చేసరికి మల్లన్న ఎర్ర హస్సావీ బియ్యం వండి, పచ్చిపులుసు చేసి ఉంచాడు. తోటలో ఒక్క ఆకు కదలడం లేదు. పిట్ట కూడా అరవడం లేదు.

రెండింటికి గది తెరిచాం. రెండు నెలలుగా ఎవరూ కాల్చని గదిలో కాల్చిన మందు వాసన. కిటికీ దగ్గర పెద్దాయన కుర్చీ కింద పేలిన రాగి టోపీల ముక్కలు మెరుస్తున్నాయి.

ఆరు రివాల్వర్లు ఖాళీ. ఏడోదానిలో ఐదు అరల మీదా కొవ్వు ఉంది. ఈ ఎండలకు పాత కొవ్వయితే ఎప్పుడో కరిగి కారిపోవాలి. ఇది ఆ పొద్దున పూసినట్టుంది.

మల్లన్న ఏమీ దాచలేదు. అతను బాబా అని పిలిచే పెద్దాయన చేతులు వణకడం మొదలైనప్పటి నుంచి శుక్రవారం పొద్దున నింపిపెట్టేది తానేనట. ఆయన పోయాక కూడా మానలేదు. టోపీ తొడగనిది నింపినట్టు కాదని అతని లెక్క, అందుకే సాలిహ్‌కు అన్నీ ఖాళీ అని చెప్పాడు. టోపీల డబ్బా పెద్దాయన జేబులోనే ఉండేది, ఆయనతోపాటే కనిపించకుండా పోయింది.

పేల్చేది ఎవరని అడిగాను.

"నేనైతే గాదు, ఖాజా భాయ్. పొద్దుగాల నింపి పెడ్త. అసర్ నమాజ్ అయినంక వచ్చి చూస్తే ఖాళీ ఉంటది. తుడిచి పెడ్త."

ఎగ్జిట్ చేతిలో పెట్టుకుని ఇదేం పనయ్యా అని తిట్టాను. అరల్లో నీళ్లు పోసి మందు తడిపి, గుండ్లు వెనక నుంచి నెట్టి తీశాను. ఐదూ లెక్కపెట్టుకున్నాను. రివాల్వర్ తుడిచి, నూనె రాసి, గదికి తాళం వేసి, తాళంచెవి నా జేబులోనే వేసుకున్నాను.

అరుగు మీద గహ్వా కాఫీ తాగుతుండగా, మూడు దాటాక అసర్ అజాన్ ముగిసింది. తాళం వేసిన గదిలో సుత్తి వెనక్కి లాగిన చప్పుడు. రెండు బొటనవేళ్లతో ముసలివాళ్లు లాగినట్టు, మెల్లగా. తర్వాత టక్కుమంది. కాసేపాగి మళ్లీ. అలా ఐదుసార్లు.

తాళంచెవి ఉందో లేదో జేబు తడిమి చూసుకున్నాను, ఉంది. మల్లన్న తల ఎత్తలేదు.

"ఇయ్యాల ఖాళీ ఉన్నదని బాబాకు తెల్వది," అన్నాడు.

తలుపు తీసి చూశారా అని అడగకండి. తీయలేదు. చెప్పుకోవడానికి నాకు సిగ్గు కూడా లేదు.

ఐదింటికి సాలిహ్ కారు తెచ్చాడు. ఏడూ ఖాళీ అని చెప్పాను, తాళంచెవి ఇచ్చేశాను. మల్లన్న బతికిపోయాడు. స్టేషన్ దగ్గర కారాపి సాలిహ్ దిగలేదు. తన ఇల్లు తోటకు అవతలి అంచునే ఉంది. నాన్న పోయినప్పటి నుంచి ప్రతి శుక్రవారం అసర్ తర్వాత ఐదు పేలుళ్లు వినిపిస్తున్నాయని, అమ్మ వాటి కోసం కిటికీ తెరుచుకుని కూర్చుంటుందని చెప్పాడు.

"ఈ రోజు వినపడలేదు. ఆమె ఇంకా అక్కడే కూర్చుని ఉంది."

ఆదివారం పని అయిపోతే రివాల్వర్లు మళ్లీ ఆ గదికే వస్తాయట. మల్లన్న సోమవారం వెళ్లిపోతున్నాడు, నింపడం నీకూ తెలుసు కదా అన్నాడు.

ఆరింటి బండి దొరికింది. జనం నిద్రపోతున్నారు, నాకు కన్ను మూతపడలేదు. రియాద్ ఇంకా గంట ఉందనగా ఫోన్ తీసి వచ్చే శుక్రవారానికి టికెట్ తీసుకున్నాను. భయంగానే ఉంది. కానీ ఆ మనిషి ఖాళీ రివాల్వర్‌తో ఐదుసార్లు ప్రయత్నించడం ఇంకోసారి వినే ధైర్యం నాకు అసలే లేదు.