సముద్రం సీనుకు ఇంగ్లీషు మాటలు

దొరవారిసత్రం మండలంలోని ఒక హైస్కూల్లో తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెప్పేదాన్ని. పాఠం తెరిస్తే నోరు మెదపని పిల్లలు సినిమా మాటెత్తితే లేచి కూర్చునేవాళ్లు. అందుకని శుక్రవారాల్లో ల్యాప్‌టాప్‌లో ఒక సీను పెట్టి, శబ్దం తీసేసి, ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పమనేదాన్ని. తప్పులు దిద్దేదాన్ని కాదు.

ఒకసారి పిల్లలే సీను కోరుకున్నారు. హీరో పడవ తుఫానులో మునుగుతుంది. తల్లి ఒడ్డున ఎదురుచూస్తుంది. చివరికి అతను ఈదుకుంటూ వస్తాడు. నేను వద్దన్నాను. ఆ వానాకాలంలోనే మా క్లాసు అమ్మాయి తండ్రి పులికాట్ సరస్సులో రొయ్యలకు పోయి తిరిగి రాలేదు. అప్పటినుంచి ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడటం లేదు.

ఆ పిల్లే లేచింది. "పెట్టండి మేడమ్. తల్లి మాటలు నేను చెప్తా."

సీను మొదలైంది. తల్లిగా మాట్లాడాల్సిన పిల్ల తెర మీది తల్లితోనే మాట్లాడింది. "డోంట్ వెయిట్. హీ ఈజ్ నాట్ కమింగ్. గో హోమ్. గివ్ ఫుడ్ టు చిల్డ్రన్."

తెర మీద హీరో నీళ్లలోంచి లేచాడు. ఎవరూ ఈల వేయలేదు.

సోమవారం వాళ్లమ్మ బడికి వచ్చింది. "ఇంట్లో నోరు తెరవదు మేడమ్. ఈడ ఇంగ్లీషులో ఏందో చెప్పినాదంట. ఏం చెప్పినాది?"

నేను తెలుగులో చెప్పాను. ఆమె వరండా స్తంభం పట్టుకుంది.

"నిజమే మేడమ్. ఆయన వస్తాడని ఒడ్డునే కూచున్నా. ఎవురు పిలిచినా కదల్లా. ఇంటికాడ పిల్లోళ్లు పస్తున్నారని నాకు తట్టనే లేదు."

కూతురిని పిలిపించాను. తల్లి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఇంటికి నడిచిపోయారు.

వేసవి తర్వాత ఆ అమ్మాయి పదో తరగతికి రాలేదు. వెతుక్కుంటూ వాళ్లింటికి వెళ్లాను. తల్లీకూతుళ్లిద్దరూ అప్పుడే రొయ్యల షెడ్డు నుంచి వచ్చారు. ఐసులో నానిన ఆ పిల్ల వేళ్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

"ఇంకొక్క ఏడాది చదవనీయమ్మా" అన్నాను.

"నాకు మాత్రం ఆశ లేదా మేడమ్? చిన్నోళ్లు ఇంకా ఇద్దరున్నారు. నా ఒక్కదాని రెక్కల మీద జరగడంలా."

"ఇప్పుడన్నా నీతో మాట్లాడుతోందా?"

"మాట్లాడతాది. రోజంతా పక్కపక్కనే గదా రొయ్యల తలకాయలు తీసేది."

అమ్మాయి నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. "ఈ శుక్రవారం ఏం సీను పెట్టినారు మేడమ్?" అని అడిగింది. చెప్పాను. తల ఊపి, గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.