జ్వరం తగ్గిన రోజు

మొన్న శనివారం ఇక్కడ అమెరికాలో, ఆష్‌బర్న్‌లో మా ఇంటి దగ్గరి పార్కులో ఒక తల్లి తన పాప కాళ్లకు దోమల స్ప్రే కొడుతోంది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే మూర్తిగారు గుర్తొచ్చారు. అత్తరో అగరొత్తో కాకుండా, దోమల మందు వాసనకు గుర్తు రావడం ఆయనకే చెల్లింది.

నేను పనిచేసే డేటా సెంటర్‌లో ఆయన నా మొదటి మేనేజర్. మనిషి పొట్టి, అనుమానాలు బారెడు. అలారం మోగితే అందరం పరుగెత్తేవాళ్లం. అది ఆగిపోయాక ఆయన లేచేవారు. "ఆగిందంటే బాగైందని ఎవరు చెప్పారమ్మా? ఎందుకు ఆగిందో చూసి రా," అని నన్ను పంపేవారు. వెళ్లి చూస్తే చాలాసార్లు అక్కడ ఏమీ ఉండేది కాదు. ఆయన వెనకాల "డౌట్ గారు" అని నవ్వుకునేవాళ్లం.

పెళ్లయిన కొత్తలో నేనూ నా భర్త కిరణ్ కరీబియన్ దీవుల్లోని డొమినికన్ రిపబ్లిక్‌కు ట్రిప్ బుక్ చేసుకున్నాం. బయల్దేరే ముందు ఆదివారం మూర్తిగారు మమ్మల్ని భోజనానికి పిలిచారు. కంచాల ముందు కూర్చోగానే మొదలుపెట్టారు. "బాటిల్ నీళ్లే తాగండి. జ్యూసుల్లో ఐస్ వద్దని చెప్పండి. దోమల స్ప్రే కొన్నారా? పగలు కూడా కొట్టుకోవాలి, తెలుసుగా?"

కిరణ్‌కు నవ్వాగలేదు. "సర్, నేను హైదరాబాద్ హాస్టల్‌లో పెరిగినవాణ్ణి. డెంగ్యూ కూడా వచ్చి పోయింది. ఇంక రిసార్ట్ దోమలు నన్నేం చేస్తాయి?"

పప్పు వడ్డిస్తున్న మూర్తిగారి చెయ్యి ఆగిపోయింది. "వచ్చింది కాబట్టే నీకు ఎక్కువ భయం. రెండోసారి ఇంకో రకం తగిలితే మొదటిదానికన్నా గట్టిగా పట్టుకోవచ్చు. నవ్వకయ్యా."

కార్‌లో ఇంటికొచ్చేదాకా కిరణ్ ఆయన్ని అనుకరిస్తూనే ఉన్నాడు. అక్కడికి వెళ్లాక నేను బుద్ధిగా స్ప్రే కొట్టుకున్నాను. మా ఆయనగారు మాత్రం సముద్రం ఒడ్డున కంపు ఎవడు భరిస్తాడని బాటిల్ ముట్టుకోలేదు. మన దోమల దగ్గర డిగ్రీ తీసుకొచ్చామన్న ధీమా మనవాళ్లలో చాలామందికి ఉంటుంది.

తిరిగొచ్చిన కొద్ది రోజులకే కిరణ్‌కు జ్వరం, ఒళ్లు విరిచేసే నొప్పులు. సెలవు అడగడానికి ఫోన్ చేస్తే మూర్తిగారు సెలవు సంగతే ఎత్తలేదు. "ట్రిప్ సంగతి డాక్టర్‌కి చెప్పు. ఇంతకుముందు డెంగ్యూ వచ్చిందనీ చెప్పు. నొప్పులకని ఐబుప్రొఫెన్ మాత్రం వెయ్యకు, రక్తం కారే ప్రమాదం ఉంది." అన్నీ చెప్పాను. డాక్టర్ పరీక్షకు రక్తం తీసుకుని, డెంగ్యూయే కావచ్చని, నీళ్లు బాగా తాగించమని, జాగ్రత్తలు చెప్పి పంపారు. కొన్నాళ్లకు ఒక ఉదయం కిరణ్ ఒళ్లు చల్లబడింది. నా ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో మూర్తిగారికి ఫోన్ చేశాను.

"సర్, జ్వరం తగ్గిపోయింది!"

"కడుపునొప్పి ఉందా? వాంతులు?"

"కొంచెం ఉన్నాయి సర్. నీరసం కదా. పళ్లు తోముకుంటే కాస్త రక్తం..."

"కార్ తియ్యి. ఎమర్జెన్సీకి తీసుకెళ్లు. నేనూ వస్తున్నాను."

ఈ మనిషికి మంచివార్త కూడా నచ్చదా అని ఒళ్లు మండింది. అయినా కార్ తీశాను. హాస్పిటల్‌లో చూసిన వెంటనే అడ్మిట్ చేసుకున్నారు. రక్తంలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయట. ప్రమాదం మొదలయ్యేది చాలాసార్లు జ్వరం దిగాకేనని, ఇవాళే తీసుకొచ్చి మంచిపని చేశారని డాక్టర్ అన్నారు. కిరణ్‌ను లోపలికి తీసుకెళ్లారు. తను తిరిగొస్తాడో లేదో నాకు తెలియదు. బయట కుర్చీలో మూర్తిగారు పక్కన కూర్చుంటే చిన్నపిల్లలా ఏడ్చాను.

"మీకెలా తెలుసు సర్?" అని అడిగాను.

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. "మా తమ్ముడమ్మా. విజయవాడలో. జ్వరం తగ్గిందని ఆరోజు మా అమ్మ పాయసం చేసింది."

అన్నేళ్లుగా మేము నవ్వుకున్నది దేన్ని చూసో అప్పుడు అర్థమైంది.

కిరణ్ కోలుకున్నాడు. మూర్తిగారు పోయి రెండేళ్లయింది. ఆయన మీద నాకు ఎంత ప్రేమ ఉండేదో ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు నా టీమ్‌లో పిల్లలు ఆ దీవులకు వెళ్లొస్తుంటారు. ఎవరైనా జ్వరంతో పడుకుని, తగ్గిందని గ్రూప్‌లో మెసేజ్ పెడితే అందరూ దండాల బొమ్మలు పెట్టి ఎవరి పనుల్లో వాళ్లు పడిపోతారు. నేను అప్పుడు ఫోన్ చేస్తాను.

"తగ్గిపోయింది కదక్కా, ఇంకా ఎందుకు కంగారు?" అంటారు.

"తగ్గింది కాబట్టే," అంటాను. "కడుపునొప్పి ఉందా, చెప్పు."